యజమానులెరుగని దండయాత్ర

1999వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉన్న ఒకానొక కంప్యూటర్ మీదికి ఉన్నట్టుండి సమాచారపు వరద వచ్చిపడింది. సమాచారమనడం మర్యాదకే గాని, అందులో చదువదగిన అక్షరం ఒక్కటీ లేదు. ఎవరో ఏదో అడిగి జవాబు కోరుతున్నారనడానికి కూడా వీలులేదు. అర్థంలేని చిన్న చిన్న పొట్లాలు వేలకు వేలుగా వచ్చి, ఆ కంప్యూటర్‌నే గాక, దానిని బయటి ప్రపంచంతో కలిపే మార్గాలను కూడా క్రిక్కిరిసిపోయేటట్లు చేశాయి. రెండు రోజులకు పైగా ఆ నెట్‌వర్క్ ఎవరికీ పనికిరాకుండా పోయింది.

విశ్వవిద్యాలయపు సిబ్బంది ఎవరైనా చేయదగిన పనే చేశారు. వచ్చిపడుతున్న పొట్లాల మీద పంపినవారి చిరునామాలు ఉన్నాయి. విచిత్రమేమంటే అవి దొంగ చిరునామాలు కావు, నిజమైనవే. సిబ్బంది ఆ చిరునామాల వెంటబడి, ఆయా యంత్రాల యజమానులను హెచ్చరించసాగారు. తమ యంత్రం అటువంటి పని చేస్తున్నదన్న సంగతే ఆ యజమానులకు తెలియదు. చెప్పిన తరువాత ఒక యంత్రం ఆగేది. దాని స్థానంలో మరెక్కడి నుంచో మరొక యంత్రం పూనుకొనేది. చివరకు లెక్క తేలినప్పుడు దాడిలో పాల్గొన్న యంత్రాలు కనీసం 227 అని తెలిసింది. వాటిలో 114, ఇంటర్నెట్-2 అనే వలయంలోని సంస్థలకు చెందినవి. అతివేగంగా సమాచారం పంపుకొనడానికి అమెరికా విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలు కలిసి నెలకొల్పుకొన్న వలయమది. విద్యకోసం వేసుకొన్న రాజమార్గం మీదనే శత్రుసేన నడచి వచ్చిందన్నమాట.

ఈ దాడికి వాడిన పరికరాన్ని సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డిట్రిచ్ అనే భద్రతా నిపుణుడు విప్పి పరిశీలించి, 1999 అక్టోబరు 21వ తేదీ గల ఒక నివేదికలో దాని గుట్టు బయటపెట్టాడు. దాని పేరు ట్రినూ. పేరులోని చివరి రెండక్షరాలకు బదులు రెండు సున్నాలు చుట్టడం దాని కర్తల సరదా. చూడబోతే అదేమంత గొప్ప ప్రోగ్రాం కాదు. కాని ఒకడు వందమంది చేత, ఆ వందమందికీ తెలియకుండా, ఒకే క్షణంలో ఒకే వ్యక్తిని కొట్టించగల ఉపాయం అందులో ఉన్నది. ఆ ఉపాయానికి నేటికీ పూర్తి విరుగుడు లేదు.

ఒక రైల్వే స్టేషన్

ఈ దాడి స్వభావం బోధపడాలంటే కంప్యూటర్లు తెలిసి ఉండనక్కరలేదు. చిన్న రైల్వే స్టేషన్ ఒకటి చాలు. కలకత్తాకు దక్షిణాన, హుగ్లీ నది తూర్పు ఒడ్డున బడ్జ్ బడ్జ్ అనే పట్టణమున్నది. 1914లో కొమగాటమారు నౌకలో తిరిగివచ్చిన ప్రయాణికుల మీద కాల్పులు జరిగిన చోటుగా చరిత్ర చదివినవారికి ఆ పేరు పరిచితమే. నది పొడవునా జనపనార మిల్లులు, చమురు నిలువచేసే ట్యాంకులు. హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో పని వెదుక్కుంటూ ఉత్తర కోస్తా నుంచి ఒకప్పుడు తెలుగువారు కూడా తరలివెళ్ళారు. సియాల్దా నుంచి వచ్చే లోకల్ రైళ్ళకు ఆ శాఖామార్గంలో చివరి స్టేషన్ బడ్జ్ బడ్జ్.

మాటవరసకు ఆ స్టేషన్‌లో టిక్కెట్లిచ్చే కిటికీ ఒక్కటే ఉన్నదనుకుందాం. లోపల ఒక గుమాస్తా. మామూలు రోజున వరస సాఫీగా సాగుతుంది. ఒకనాడు ఒక ఆకతాయి వచ్చి, టిక్కెట్టు కొనకుండా, "ఫలానా నంబరు గది ఎక్కడ?" అని అడుగుతాడు. అటువంటి గది స్టేషన్‌లో లేదు. గుమాస్తా లేదని చెబుతాడు. వాడు మళ్ళీ మరొక నంబరు అడుగుతాడు. ఎంత మొండివాడైనా వాడొక్కడే గనుక, పోలీసును పిలిచి గెంటించవచ్చు. ఆనాడు అలా కాక, రెండువందల పాతికమంది ఒక్కసారిగా వచ్చి, తలా ఒక లేని గది నంబరు అడుగుతూ కిటికీని చుట్టుముట్టారనుకోండి. మిల్లు నుంచి ఇంటికి పోవలసిన కార్మికుడు వెనుక ఎక్కడో నిలబడిపోతాడు. కిటికీ పగలలేదు. పెట్టెలోని డబ్బు పోలేదు. గుమాస్తా తన పని తాను చేస్తూనే ఉన్నాడు. అయినా ఆ స్టేషన్ మూతపడినట్లే.

ట్రినూ చేసినది అక్షరాలా ఇదే. ప్రతి కంప్యూటర్‌కూ వేలాది ద్వారాలు సంఖ్యల పేరిట ఉంటాయి. ట్రినూ సైనికుడు ఏదో ఒక సంఖ్య తోచినట్లు ఎంచుకొని ఆ ద్వారానికి ఒక పొట్లం పంపేవాడు. మరుక్షణం మరొక సంఖ్య, మరొక పొట్లం. అక్కడ ఎవరూ లేరని జవాబు చెప్పుకోవడంతోనే ఆ యంత్రానికి తీరిక లేకుండా పోయేది. పొట్లాలు మరీ ఎక్కువైతే వాటిని మోసుకువచ్చే తీగ కూడా నిండిపోయి, గుమాస్తా దాకా ఎవరూ రాలేని స్థితి ఏర్పడేది.

ఉపమానం ఇంకొంచెం పొడిగించాలి. అసలు కథ అక్కడే ఉన్నది. వచ్చిన ఆ రెండువందల పాతికమంది దుర్మార్గులు కారు. బాలీగంజ్‌లో ఒకడు, మాజేర్‌హాట్‌లో ఒకడు, ఆక్రాలో ఒకడు, నంగీలో ఒకడు, ఎవరి ఇళ్ళలో వారు నిద్రపోతున్నవాళ్ళు. తలుపు గడియ వేసుకోలేదు. రాత్రివేళ ఎవడో వచ్చి చెవిలో ఏదో ఊది వెళ్ళాడు. తెల్లవారి ఎక్కడినుంచో ఒక సైగ వస్తుంది. వీళ్ళంతా లేచి, కళ్ళు తెరవకుండానే నడచి వచ్చి కిటికీ ముందు నిలబడతారు. పని ముగిశాక మళ్ళీ వెళ్ళి పడుకుంటారు. మరునాడు అడిగితే వాళ్ళకేమీ జ్ఞాపకముండదు. మన పల్లెల్లో దీనిని పూనకమంటారు. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఇటువంటి ప్రోగ్రాంను డీమన్ అన్నారు. అయితే ఈ మాట దాడి చేసినవారు కల్పించినది కాదు. తెర వెనుక మౌనంగా పనిచేసే ప్రోగ్రాంలకు 1963 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో పెట్టుకొన్న ముచ్చటైన పేరు అది. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన, అలుపెరుగక అణువులను వేరుచేసే భూతం నుంచి ఆ పేరు వచ్చింది. ఉపకారం చేసే భూతానికి పెట్టిన పేరు అపకారికి చక్కగా అతికింది.

గొలుసు

ఈ చెవిలో ఊదడం ఎలా జరిగిందో డిట్రిచ్ నివేదిక వలన తెలిసింది. ఆ రోజులలో విశ్వవిద్యాలయాలలోను, పెద్ద సంస్థలలోను సన్ కంపెనీవారి సోలారిస్, లేదా లైనక్స్ వ్యవస్థలతో నడిచే యంత్రాలు విరివిగా ఉండేవి. వాటిలో దూరం నుంచి సేవలందించే కొన్ని ప్రోగ్రాంలలో లోపాలున్నాయి. పట్టవలసిన దానికన్నా పొడవైన సందేశాన్ని పంపితే అవి తబ్బిబ్బై, పంపినవాడికి యంత్రం మీద సర్వాధికారం అప్పగించేవి. లోపాలు బయటపడినవే. దిద్దుబాట్లు కూడా ప్రకటింపబడినవే. కాని దిద్దుకొన్నవారు ఎందరు? దాడికారుడు ముందుగా ఎవరిదో ఒక ఖాతాను దొంగిలించి, దానిని ఆయుధాగారంగా మార్చుకొనేవాడు. అక్కడినుంచి వేలాది చిరునామాలను వరుసగా తట్టి, గడియలేని తలుపుల జాబితా తయారుచేసేవాడు. ఆ తరువాత పనంతా యాంత్రికమే. ఒక చిన్న ప్రోగ్రాం ఆ జాబితాలోని ఇళ్ళలోకి ఒకదాని తరువాత ఒకటిగా ప్రవేశించి, ప్రతిచోటా ఒక డీమన్‌ను దాచి వచ్చేది.

దాడికారుడు ఈ డీమన్‌లతో నేరుగా మాట్లాడడు. మధ్యలో కొన్ని యంత్రాలు మేస్త్రీల వంటివి. అతడు ఒకరిద్దరు మేస్త్రీలకు ఒక్క మాట చెబుతాడు. వాళ్ళు తమ కింది కూలీలందరికీ చెబుతారు. మేస్త్రీలుగా తరచు ఎంపికైనవి, పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే రద్దీ యంత్రాలు. సంతలో ఇద్దరు గుసగుసలాడుకుంటే ఎవరు పట్టించుకొంటారు? కొత్తగా దాచిన డీమన్ కళ్ళు తెరవగానే తన మేస్త్రీకి "హలో" అని ఒక సందేశం పంపేది. మేస్త్రీ దాని చిరునామాను రహస్య లిపిలో ఒక పుస్తకంలో వ్రాసుకొనేవాడు. ఇక మేస్త్రీని పలకరించడానికి దాడికారుడు చెప్పవలసిన సంకేతపదానికి అర్థం, ప్రయోగదశలోని ప్రతి దాదాపు పూర్తి కావచ్చిందని. రెండువందల యంత్రాలతో ఒక విశ్వవిద్యాలయాన్ని రెండు రోజులు ఆర్పివేసిన పరికరం, దాని కర్తల దృష్టిలో ఇంకా పచ్చిగానే ఉన్నది!

మరొక సంగతి. ఒకడు మేస్త్రీతో మాట్లాడుతున్న సమయంలో రెండవవాడెవడైనా తలుపు తడితే, మొదటివాడికి వెంటనే హెచ్చరిక వెళ్ళేది. పోలీసుల భయం ఎంత ఉన్నదో, తోటి దొంగల భయమూ అంత ఉన్నదన్నమాట. ఒకడు కూడగట్టుకొన్న యంత్రాల మందను మరొకడు తోలుకుపోవడం ఆ లోకంలో పరిపాటి.

కాని ఈ నిర్మాణంలోనే పట్టుకొనే దారం కూడా ఉన్నది. ప్రతి డీమన్ శరీరంలోను దాని మేస్త్రీ చిరునామా వ్రాసి ఉండేది. కాబట్టి ఒక్క కూలీని పట్టుకొని సోదా చేస్తే మేస్త్రీ దొరుకుతాడు. మేస్త్రీ పుస్తకం దొరికితే మిగిలిన కూలీలు దొరుకుతారు. ఆపైన మాత్రం దారం సాధారణంగా తెగిపోయేది. మేస్త్రీ దగ్గరకు వచ్చినవాడు కూడా దొంగిలించిన మరొక యంత్రం మీదుగా వచ్చినవాడే.

ప్రచురింపని పేరా

వాకిలి ముందు గుంపు చేరి దారి మూయడమన్న ఆలోచన ట్రినూతో పుట్టినది కాదు. ఇద్దరు కంప్యూటర్లు మాట్లాడుకొనే ముందు మూడు మాటల మర్యాద ఒకటి జరుగుతుంది. "మాట్లాడవచ్చునా?" అని ఒకటి అడుగుతుంది. "వింటున్నాను, కానివ్వండి" అని రెండవది చోటు కేటాయించి ఎదురుచూస్తుంది. "సరే" అని మొదటిది సంభాషణ ప్రారంభిస్తుంది. మొదటి మాట మాత్రమే అని, దొంగ చిరునామా ఇచ్చి, మూడవ మాట చెప్పకుండా మాయమైతే? మన స్టేషన్ గుమాస్తా టిక్కెట్టు చించి చేతిలో పట్టుకొని, డబ్బిచ్చేవాడు ఎక్కడా అని చూస్తూ కూర్చుంటాడు. అటువంటివారు పదిమంది చేరితే కిటికీ స్తంభిస్తుంది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన విలియం చెస్విక్, స్టీవెన్ బెల్లోవిన్ అనే నిపుణులు ఈ బలహీనతను 1994 నాటికే గుర్తించారు. అప్పుడు వారు ఇంటర్నెట్ భద్రత మీద ఒక గ్రంథం వ్రాస్తున్నారు. దీని గురించి ఒక పేరా వ్రాసి, తరువాత తీసివేశారు. విరుగుడు తెలియని విషాన్ని లోకానికి పరిచయం చేయడమెందుకన్న సంకోచం అర్థం చేసుకోదగినదే. కాని ఆ తరువాతి రెండేళ్ళలో విరుగుడు గురించి ఎవరూ పని చేయలేదు. 1996లో అదే చిట్కా హ్యాకర్ల పత్రికలలో ప్రోగ్రాంతో సహా అచ్చయింది. ఆ సెప్టెంబరు 6న న్యూయార్క్‌లో ప్యానిక్స్ అనే ఇంటర్నెట్ సేవాసంస్థ మీద దాడి మొదలై రోజుల తరబడి సాగింది. విరుగుడు ఆ నెలలోనే వచ్చింది. డేనియల్ బెర్న్‌స్టైన్, ఎరిక్ షెంక్ సూచించిన పద్ధతిలో గుమాస్తా టిక్కెట్టు చించి పట్టుకొని కూర్చోడు. అడిగినవాడి చేతికే ఒక గుర్తు ఇచ్చి పంపుతాడు, ఆ గుర్తు తిరిగి తెచ్చినవాడికే చోటు. రెండేళ్ళ మౌనం సాధించనిది ఒక్క నెల రభస సాధించింది. మౌనం మంచిదా, ప్రకటన మంచిదా అన్న వాదం ఆ వృత్తిలో నేటికీ తెగలేదు గాని, ఈ ఒక్క ఉదంతం ఏ పక్షానికి సాక్ష్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ప్యానిక్స్ నాటి ఎత్తుగడలు చిన్నవి. ఒక బలహీనతను దిద్దుకొంటే ఆ దాడి ఆగుతుంది. ట్రినూ రాకతో పరిస్థితి మారింది. తలుపు ఎంత గట్టిదైనా, వీధి నిండిపోతే ఆ తలుపు దాకా ఎవరు రాగలరు? బాధితుడు తన ఇంటిని ఎంత భద్రంగా ఉంచుకొన్నా ప్రయోజనం లేదు. అతడి క్షేమం, అతడెన్నడూ చూడని రెండువందల ఇళ్ళవాళ్ళు రాత్రి గడియ వేసుకొన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉన్నది.

ట్రినూకు తోబుట్టువులు త్వరగానే పుట్టారు. మిక్స్‌టర్ అన్న మారుపేరు గల ఒక జర్మన్ యువకుడు గిరిజన వరద వలయం అని అర్థమిచ్చే మరొక పరికరం తయారుచేశాడు. చిరునామాలను తారుమారు చేయడం, రకరకాల వరదలు సృష్టించడం దాని ప్రత్యేకతలు. ఆయుధం బయటపెట్టిన ఈ యువకుడే ఎరుగని దాడుల నుంచి రక్షణ ఎలాగన్న విషయం మీద వ్యాసం వ్రాసి ఒక పోటీలో బహుమతి కూడా పొందాడు! ఆ వెనుకనే స్టాకెల్‌డ్రాట్ వచ్చింది. జర్మన్ భాషలో ముళ్ళతీగ అని అర్థం. దాడికారుడికీ మేస్త్రీకీ మధ్య మాటలను రహస్యలిపిలోకి మార్చడం, కూలీలను తమంతట తామే కొత్త ప్రతిగా మార్చుకొనేటట్లు చేయడం దీనిలోని కొత్తదనం. దొంగ చిరునామాతో పంపిన ఉత్తరం తన వీధి దాటి పోగలదో లేదో ముందుగా ఒకటి పంపి చూసుకొనే తెలివి కూడా దీనికున్నది. డిట్రిచ్ దీని మీద నివేదిక పూర్తిచేసిన తేదీ 1999 డిసెంబరు 31.

ఆ తేదీకి ఒక ప్రాముఖ్యం ఉన్నది. నవంబరు మొదటివారంలో పిట్స్‌బర్గ్‌లో సెర్ట్ సమన్వయ కేంద్రంవారు నిపుణులను సమావేశపరచి ఈ పరికరాల గురించి చర్చించి, డిసెంబరులో హెచ్చరికలు ప్రకటించారు. కాని అప్పుడు లోకమంతా 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి కుప్పకూలుతాయన్న భయంలో మునిగి ఉన్నది. అర్ధరాత్రి గడిచింది. చెప్పుకోదగిన ప్రమాదమేమీ జరగలేదు. అందరూ తేలికగా ఊపిరి పీల్చుకొన్నారు. ముళ్ళతీగ ఎక్కడ చుట్టి ఉన్నదో అక్కడనే ఉన్నది.

మాంట్రియల్ బాలుడు

2000 ఫిబ్రవరి 7, సోమవారం. ఆనాడు ఇంటర్నెట్‌లో మిక్కిలి జనాదరణ గల యాహూ సుమారు మూడు గంటలపాటు అందకుండా పోయింది. దాని మీదికి వచ్చిన వరద ఒక దశలో సెకనుకు ఒక గిగాబిట్, అనగా వందకోట్ల బిట్లు. మరునాడు బై డాట్ కామ్, ఈబే, అమెజాన్, సి.ఎన్.ఎన్. బై డాట్ కామ్ వాటాలు మొట్టమొదటిసారిగా ప్రజలకు అమ్మకానికి వచ్చిన రోజు కూడా అదే. ఆ మరునాడు ఈ-ట్రేడ్, జెడ్.డి.నెట్. మూడు రోజులలో అమెరికా వాణిజ్యపు కొత్త ముఖమంతా మసకబారింది. ఫిబ్రవరి 15న అధ్యక్షుడు క్లింటన్ కంప్యూటర్ పరిశ్రమ ప్రముఖులను శ్వేతసౌధానికి పిలిపించి సమాలోచన జరిపాడు. నష్టం 120 కోట్ల డాలర్లని ఒక సంస్థ అంచనా కట్టింది. ఇటువంటి అంకెలను కొంత తగ్గించి చదువుకోవడం మంచిది. అమ్ముడుపోని సరకు మరునాడు అమ్ముడుపోవచ్చును. పోయిన నమ్మకానికి లెక్క కట్టే త్రాసు లేదు.

ఏదో శత్రుదేశమనీ, ఏదో నేరస్థుల ముఠా అనీ ఊహలు సాగాయి. పరిశోధకులకు దొరికినది కెనడాలోని మాంట్రియల్ ప్రాంతానికి చెందిన 15 ఏళ్ళ బాలుడు. మాఫియాబాయ్ అన్న మారుపేరుతో తెర మీది గోష్ఠులలో తన ఘనకార్యాన్ని తానే చాటుకోకపోతే అతడు అంత తేలికగా దొరికేవాడు కాదేమో. ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. బాలనేరస్థుల చట్టం ప్రకారం న్యాయస్థానంలో అతడి పేరు వెల్లడి కాలేదు. 2001 జనవరిలో నేరం ఒప్పుకొన్నాడు. ఆ సెప్టెంబరులో ఎనిమిది నెలలు బాలుర సంరక్షణగృహంలో ఉండాలని తీర్పు వచ్చింది. 2008లో మైకేల్ కాల్స్ అన్న అసలు పేరుతో తన కథను తానే గ్రంథంగా ప్రకటించాడు.

ఆ బాలుడికి సొంతమైన బలం ఏదీ లేదు. ఉన్నది ఇంట్లో ఒక కంప్యూటర్, ఇతరులు వ్రాసి పంచిన ప్రోగ్రాంలు. మిగిలిన బలమంతా విశ్వవిద్యాలయాలది. సి.ఎన్.ఎన్. మీద జరిగిన దాడిలో తమ యంత్రం ఒకటి పాల్గొన్నదని శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారే గుర్తించారు. గట్టి తీగ, వేగమైన యంత్రం, రాత్రి కాపలా లేని గది, సెలవులకు వెళ్ళిన విద్యార్థి మరచిపోయిన ఖాతా. దాడికారులకు ఇంతకన్న అనువైన చోటు ఎక్కడ?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న తలెత్తింది. దాడి చేసినవాడికి శిక్ష సరే. ఆ యంత్రాల యజమానుల మాటేమిటి? వారికి పోయినదేమీ లేదు. యంత్రం కొంచెం నెమ్మదించి ఉంటుంది, అంతే. తనకు నష్టం లేని లోపాన్ని దిద్దడానికి డబ్బు ఖర్చుపెట్టే సంస్థ అరుదు. ఒకరి అలసత్వానికి మరొకరు మూల్యం చెల్లించే ఇటువంటి చోట వ్యాపారసూత్రాలు పనిచేయవు. మన ఊళ్ళలో మురుగునీరు నిలిచిన ఖాళీస్థలం సంగతే చూడండి. దోమ కుట్టేది పక్కింటివాళ్ళను.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదట ఆ సౌకర్యం కలిగిన నగరాలలో కలకత్తా ఒకటి. పై సంఘటనలు జరిగేనాటికి ఇటువంటి నేరానికి ప్రత్యేక చట్టం లేదు. 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్‌లో, హక్కున్నవారికి కంప్యూటర్ అందకుండా చేయడం కూడా పరిహారం చెల్లించవలసిన తప్పుగా చేర్చారు. 2008 సవరణ తరువాత, దేశ భద్రతకు భంగం కలిగించే ఉద్దేశంతో ఆ పని చేసి, తత్ఫలితంగా ప్రాణనష్టం వంటి ఘోరాలు జరిగితే అది ఉగ్రవాదం కిందికి వస్తుంది. ఆలస్యమైనా కొన్ని దేశాలకన్న మనం నయమే. 2000 మే నెలలో ప్రేమలేఖ పేరుతో ప్రపంచమంతా పాకిన వైరస్ విషయంలో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అనుమానితుడి మీద కేసు నడపలేకపోయింది. అప్పటికి అక్కడ దానికి తగిన చట్టమే లేదు.

శాస్త్రజ్ఞులు కూడా ఊరుకోలేదు. 2001లో కాలిఫోర్నియాలోని డేవిడ్ మూర్, జెఫ్రీ వోల్కర్, స్టెఫాన్ సావేజ్ ఒక చక్కని ఉపాయం పన్నారు. దొంగ చిరునామాలతో దాడి జరిగినప్పుడు, పాపం, బాధిత యంత్రం ఆ దొంగ చిరునామాలకు జవాబులు వ్రాస్తూ పోతుంది. ఎవరూ నివసించని చిరునామాల పెద్ద సముదాయం ముందు కాచుకు కూర్చుంటే, అక్కడికి వచ్చే దారితప్పిన జవాబులను బట్టి ఎవరి మీద దాడి జరుగుతున్నదో తెలిసిపోతుంది. మూడు వారాలలో వారు 5,000కు పైగా లక్ష్యాల మీద 12,000కు మించిన దాడులను లెక్కించారు. వార్తలకెక్కిన యాహూ, అమెజాన్‌ల వెనుక, ఎవరూ పట్టించుకోని వేలాది చిన్నవారు ఉన్నారన్నమాట.

చెవిలో ఊదిన మంత్రాన్ని ఆ యంత్రంలోనే పసికట్టగలమా అన్నది మరొక మార్గం. తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనల ద్వారా పాఠకులకు పరిచితులైన వేమూరి వేంకటేశ్వరరావు, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉంటూ, యిహువా లియావ్‌తో కలిసి 2002లో ఈ మార్గాన ఒక పరిశోధన ప్రకటించారు. నడుస్తున్న ప్రోగ్రాం వ్యవస్థను కోరే సేవలను మాటలుగాను, ఆ ప్రోగ్రాంను ఒక వ్యాసంగాను భావించి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందన్న దానిని బట్టి అది మంచివారి రాతో దుర్మార్గుల రాతో పోల్చి చెప్పడం వారి పద్ధతి. వ్యాసం చదివి రచయితను పోల్చుకొనే సంపాదకుడి విద్యే ఇది.

మూడవ మార్గం అన్నిటికన్న సులభం, అన్నిటికన్న అలక్ష్యానికి గురైనది. పాల్ ఫెర్గూసన్, డేనియల్ సెనీ 1998 జనవరిలోనే దీనిని సూచించారు. 2000 మే నెలలో అది ఉత్తమ ఆచరణగా స్థిరపడింది. ప్రతి ఇంటర్నెట్ సంస్థా తన వీధి నుంచి బయటికి పోయే పొట్లం మీద తన వీధి చిరునామాయే ఉన్నదా అని చూసి, లేకపోతే అక్కడనే ఆపివేయాలి. అంతే. నంగీలో ఎక్కినవాడు సియాల్దా టిక్కెట్టు చూపిస్తే రైలెక్కకముందే ఆపడం వంటిది. ఈ కాపలా వలన లాభం లోకానికి, ఖర్చు కాపలాదారుకు. అందుచేత అన్ని సంస్థలూ దానిని నేటికీ పాటించడం లేదు.

2016లో ఈ కథ కొత్త సైన్యంతో మళ్ళీ నడిచింది. ఈసారి నిద్రలో నడిచినవి విశ్వవిద్యాలయపు యంత్రాలు కావు. దుకాణాల మీద, వాకిళ్ళ మీద కాపలాకు బిగించిన కెమెరాలు, ఇళ్ళలోని రూటర్లు. మిరాయ్ అనే ప్రోగ్రాం వాటిలోకి చొరబడడానికి తెలివైన లోపమేదీ వెదకలేదు. కర్మాగారంలో పెట్టి పంపిన సంకేతపదాల జాబితా, అరవై పైచిలుకు జతలు, ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించింది. ఒక దశలో దాని వశమైన యంత్రాలు 6 లక్షలు. అక్టోబరు 21న డిన్ అనే సంస్థ మీద జరిగిన దాడిలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి అందలేదు. మిరాయ్‌ను తయారుచేసినవారు ముగ్గురు యువకులు. 2017 డిసెంబరులో వారు నేరం ఒప్పుకొన్నారు. వారిలో ఒకడు తాను చదువుతున్న విశ్వవిద్యాలయం మీదనే దాడులు చేసినట్లు తేలింది.

మిరాయ్ పట్టిన కెమెరాకు చికిత్స చాలా తేలిక. ఒకసారి ఆర్పి వెలిగిస్తే చాలు, అది యంత్రపు జ్ఞాపకం నుంచి తుడిచిపెట్టుకుపోతుంది. సంకేతపదం మార్చకపోతే మాత్రం కొద్ది నిమిషాలలో మళ్ళీ వచ్చి పట్టుకొంటుంది. ఆనాటి కొన్ని కెమెరాలలో ఆ పదాన్ని మార్చుకొనే వీలు కొన్నవాడికి తయారీదారులు కల్పించనే లేదు.